భూస్వామి ఆట – ఎలిజబెత్ మాగీ

పులిజూదమును, వామనగుంటలను ఎవరు కల్పించిరో హిందూపురము, పెనుకొండ ప్రాంతములలో ఎవరిని అడిగినను చెప్పజాలరు. అవి ఎల్లరి సొత్తు. వానిని అమ్మినవారు లేరు, కొన్నవారు లేరు. కావున నష్టపోయినవారును లేరు. అచ్చయి అంగడికెక్కిన ఆట కథ వేరు. పాచిక వేసి, ఊళ్ళు కొని, అద్దె వసూలుచేయు బిజినెస్ ఆటను మన బాలబాలికలు ఎరుగుదురు. దానికి మూలము మొనాపలీ అను అమెరికా ఆట. ఆ మూలమునకును మూలమొకటి కలదు. దానిని కల్పించినది ఎలిజబెత్ మాగీ అను స్త్రీ.

ఆమె 1866లో ఇల్లినాయి రాష్ట్రమున జన్మించెను. తండ్రి జేమ్సు మాగీ పత్రికాధిపతి, బానిసత్వమును ఎదిరించినవాడు. అతని మూలమున హెన్రీ జార్జి అను అర్థశాస్త్రజ్ఞుని భావములు ఆమె మనస్సున నాటుకొనెను. ధర్మవరమువంటి రైలుకూడలి ఏర్పడినచోట చుట్టుపట్ల నేల వెల పెరుగును. ఆ పెరుగుదల నేలగలవాని చెమటవలన కలిగినది కాదు. పదిమంది రాకపోకలవలన కలిగినది. కావున నేలవలన వచ్చు ఆ లాభముపైననే పన్ను విధించి, కష్టార్జితమును విడిచిపెట్టవలెనని జార్జి సిద్ధాంతము.

మాగీ వాషింగ్టను నగరమున శీఘ్రలిపి, టైపు పనులతో జీవించెను. టైపురైటరులో కాగితము సులువుగా కదలుటకు ఒక సాధనమును కల్పించి 1893లో పేటెంటు పొందెను. జార్జి సిద్ధాంతమును ఉపన్యాసములకంటె ఆట సులభముగా బోధింపగలదని తలచి, భూస్వామి ఆట అను పటమును రూపొందించెను. 1904 జనవరి 5వ తేదీన దానికి పేటెంటు లభించెను. పటము చుట్టును ఒకమారు తిరిగివచ్చినవానికి భూమాతపై శ్రమించిన కూలిగా నూరు డాలర్లు ముట్టును. నియమములు రెండు విధములు. ఒక విధమున సంపద పెరిగినకొలది అందరికిని మేలు కలుగును. రెండవ విధమున ఒకడు సర్వమును కొని, తక్కినవారిని దివాళా తీయించును. రెండింటిని ఆడి చూచినవారు మంచిచెడ్డలు తామే గ్రహింతురని ఆమె ఆశ.

1906లో న్యూయార్కునందలి ఎకనామిక్ గేమ్ కంపెనీ ఆ ఆటను వెలువరించెను. ఆమెకు అందులో భాగము కలదు. ప్రఖ్యాత ప్రచురణకర్తలైన పార్కర్ బ్రదర్సువారు 1910లో ఆమె కల్పించిన మాక్ ట్రయల్ అను చీట్ల ఆటను ప్రచురించిరి గాని, భూస్వామి ఆటను స్వీకరింపలేదు. ఆమె 1924లో దానిని సంస్కరించి మరల పేటెంటు పొందెను. పార్కరువారు ఈ మారును వలదనిరి. అందు రాజకీయము ఎక్కువైనదని వారి అభ్యంతరము.

ఇంతలో ఆట తన దారి తాను చూచుకొనెను. కళాశాలల విద్యార్థులును, అట్లాంటిక్ సిటీలోని క్వేకరు కుటుంబములవారును చేతితో పటములు వ్రాసికొని, తమ వీధుల పేర్లు పెట్టుకొని ఆడుచుండిరి. పరులను దివాళా తీయించు విధమే వారికి రుచించెను. ఆర్థికమాంద్యపు దినములలో చార్లెసు డారో అను నిరుద్యోగి మిత్రుల యింట ఆ ఆటను నేర్చి, తన కల్పనగా అమ్మజొచ్చెను. 1934లో నిరాకరించిన పార్కరువారు, అమ్మకములు చూచి 1935లో దానిని కొనిరి.

మాగీ పేటెంటు అడ్డుగా నిలిచెను. 1935 నవంబరులో సంస్థవారు దానిని 500 డాలర్లకు కొనిరి. రాయల్టీ లేదు. అప్పటికామె వయస్సు 69 సంవత్సరములు. ధనముకంటె తన భావము ఇంటింటికి చేరునను ఆశయే ఆమెను ఒప్పించినది. కాని ఇంటింటికి చేరినది మొనాపలీ. అందు ఆమె భావము లేదు, పేరును లేదు. డారో రాయల్టీలతో లక్షాధికారియయ్యెను. 1936 జనవరిలో ఆమె తన పాతపటములను వాషింగ్టను పత్రికలవారికి చూపి సత్యమును చాటెను. సంస్థ ఆమె ఆటలు మరికొన్ని ప్రచురించినను అవి నిలువలేదు. 1940 జనాభా లెక్కలలో ఆమె వృత్తి ఆటలు తయారుచేయుట అనియు, ఆదాయము సున్న అనియు నమోదయ్యెను. 1948లో ఆమె కన్నుమూసెను.

ఆమెకు న్యాయము చేకూర్చినది మరియొక వ్యాజ్యము. రాల్ఫు అన్‌స్పాక్ అను అర్థశాస్త్రాచార్యుడు 1973లో ఆంటీ మొనాపలీ అను ఆటను వెలువరింపగా, పార్కరు సంస్థ అడ్డుపడెను. 1983 వరకు సాగిన ఆ వివాదమునందు అతడు త్రవ్వితీసిన ఆధారములలో మాగీ పేటెంట్లు బయల్పడెను.

ధర్మవరపు మగ్గముపై క్రొత్త అంచు కూర్చిన నేతవాని పేరు చీరతో అంగడికి పోదు. మాగీకి పేటెంటుండియు అదే గతి పట్టెను. హక్కును అమ్మునపుడు భావమును మార్పకుండ కాపాడు షరతు ఆమె వ్రాయించుకొనలేదు. నేడా పేటెంట్ల గడువు తీరినది. ఆమె ఆట పులిజూదపు గీతలవలె ఎల్లరి సొత్తు. సుద్దముక్కతో బడి అరుగుమీద ఆ పటమును గీచి, రెండు విధములను ఆడించు ఉపాధ్యాయుడు, పార్కరువారు వదలివేసిన పాఠమును పిల్లలకు అందించినవాడగును. గీతలతోపాటు ఆమె పేరును చెప్పుట మరువరాదు.