ఆల్ఫ్రెడ్ బినే – వెనుకబడిన పిల్లల పక్షాన నిలిచిన శాస్త్రవేత్త

మా హాస్టల్లో ఒక మిత్రుడున్నాడు. నోటితో అడిగితే ఎంత పెద్ద లెక్కయినా చెబుతాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం ఒక్క పేరా చదవడానికి స్టడీ అవర్ అంతా పడుతుంది. వాడికి మొద్దు అని పేరు పెట్టాం. పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. అలాంటి పేరు పెట్టేముందు పిల్లవాణ్ణి సరిగా పరీక్షించాలని నూరేళ్ళ క్రితమే పట్టుబట్టిన మహనీయుడు ఆల్ఫ్రెడ్ బినే.

బినే 1857 జూలై 8న ఫ్రాన్సులోని నీస్ నగరంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివినా అందులో మనసు నిలవలేదు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వశాస్త్రం సొంతంగా నేర్చుకున్నారు. షార్కో అనే ప్రఖ్యాత వైద్యుని ఆసుపత్రిలో చేరి, అయస్కాంతంతో రోగుల లక్షణాలు మారతాయని ప్రకటించారు. అది తప్పని ఇతరులు తేల్చారు. పరీక్షించేవారు ఏమి ఆశిస్తున్నారో గ్రహించి రోగులు అలా ప్రవర్తించారు. బినే తన పొరపాటు ఒప్పుకున్నారు. ఈ దెబ్బే ఆయన్ను జాగ్రత్తపరుణ్ణి చేసిందని మా అభిప్రాయం.

తర్వాత ఇంట్లో తన ఇద్దరు కుమార్తెలను గమనించసాగారు. నడక నేర్చేటప్పుడు మడలీన్ ఏదో ఒకటి పట్టుకుని ఆచితూచి అడుగేసేది. ఆలిస్ తూలుతూనే గది మధ్యకు వెళ్ళిపోయేది. ఒకే ఇంటి పిల్లలైనా ఇద్దరి తీరూ వేరని ఆయన గుర్తించారు.

ఫ్రాన్సులో 1882లో చదువు నిర్బంధమైంది. చదువు సాగని పిల్లల సంగతి తేల్చడానికి ప్రభుత్వం 1904లో ఒక సంఘాన్ని నియమించింది. అందులో బినే సభ్యులు. పరీక్ష జరపకుండా ఏ పిల్లవాణ్ణీ మామూలు బడి నుంచి తీసివేయరాదని ఆ సంఘం తీర్మానించింది. మరి ఆ పరీక్ష ఎలా ఉండాలి? అల్లరివాణ్ణి వదిలించుకోవడానికి ఒక ఉపాధ్యాయుడు మందబుద్ధి అనవచ్చు, ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెప్పవచ్చు. అందుకని బినే, యువ వైద్యుడు సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారుచేశారు. చాక్లెట్‌కూ చెక్కముక్కకూ తేడా కనిపెట్టడం, మూడంకెలు విని తిరిగి చెప్పడం, ఈగకూ సీతాకోకచిలుకకూ భేదం చెప్పడం వంటివి అందులో ఉన్నాయి. చదవడం, రాయడం అక్కరలేదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ధైర్యం చెబుతూ అడగాలి. చదువులో వచ్చినదేమిటో వేరే పరీక్షతో చూడాలి.

తెలివి పుట్టుకతో స్థిరపడి మారకుండా ఉంటుందనే వాదాన్ని ఆయన 1909 నాటి గ్రంథంలో గట్టిగా ఖండించారు. 1911 అక్టోబరు 18న పారిస్‌లో కన్నుమూశారు. అప్పటికి 54 ఏళ్ళు. తర్వాత అమెరికాలో గొడార్డ్ బృందం ఈ పరీక్షనే వాడి, ఓడ దిగిన వలస బీదల్లో అనేకమందిని మందబుద్ధులుగా ముద్రవేసింది. బినే కోరినదానికి ఇది పూర్తిగా విరుద్ధం!

తెలివి బాగానే ఉండి చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో విడవని ఇబ్బంది ఉంటే దాన్ని అభ్యసన వైకల్యం అంటారు. ముందు చూపు, వినికిడి పరీక్షిస్తారు. తర్వాత తెలివినీ, చదువునూ వేర్వేరుగా చూస్తారు. పెద్దవాళ్ళనైతే చిన్ననాటి బడి చదువు ఎలా సాగిందో కూడా అడుగుతారు. మన దేశంలో 2016 చట్టం దీన్ని వైకల్యంగా గుర్తించింది.

మా మిత్రుణ్ణి ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. వార్డెన్ గారికి చెప్పాం. దసరా సెలవులయ్యాక జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తామన్నారు.