సెప్ హెర్బెర్గర్

సెప్ హెర్బెర్గర్ (మార్చి 28, 1897 - ఏప్రిల్ 28, 1977) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ ఆటగాడు, శిక్షకుడు. ఇతని అసలు పేరు జోసెఫ్ హెర్బెర్గర్. 1954లో పశ్చిమ జర్మనీకి మొట్టమొదటి ప్రపంచ కప్పు ఇతని శిక్షణలోనే లభించింది. ఆ జట్టు ఉత్ప్రేరకాలు వాడిందన్న అనుమానం మాత్రం ఆ విజయాన్ని నేటికీ వెన్నాడుతూనే ఉంది.

తొలి జీవితం

మాన్‌హైమ్ నగరంలో ఒక కార్మిక కుటుంబంలో జన్మించాడు. 1921-25 మధ్యకాలంలో జర్మనీ తరఫున 3 మ్యాచ్‌లు ఆడాడు. ఆటగాళ్ళు సొమ్ము తీసుకోరాదన్న నియమమున్న ఆ రోజుల్లో, క్లబ్బు మారేందుకు డబ్బు పుచ్చుకున్నాడని కొంతకాలం నిషేధానికి గురయ్యాడు. 1933లో నాజీ పార్టీలో చేరాడు. 1936లో జాతీయ జట్టు శిక్షకుడయ్యాడు. యుద్ధానంతరం 1950లో పశ్చిమ జర్మనీ జట్టు బాధ్యతలు స్వీకరించాడు.

1954 ప్రపంచ కప్పు

స్విట్జర్లాండ్‌లో జరిగిన ఈ పోటీలలో తొలుత హంగరీ చేతిలో 3-8 తేడాతో పశ్చిమ జర్మనీ చిత్తుగా ఓడింది. ఆ మ్యాచ్‌లో హెర్బెర్గర్ ముఖ్యమైన ఆటగాళ్ళలో పలువురికి విశ్రాంతినిచ్చాడు. జూలై 4న బెర్న్‌లో జరిగిన ఫైనల్లో మళ్ళీ హంగరీయే ఎదురైంది. 1950 నుండి ఓటమి ఎరుగని ఆ జట్టు 8 నిమిషాలలోనే 2 గోల్స్ చేసింది. అయినా జర్మన్లు 3-2తో గెలిచారు. వానకు తడిసిన మైదానంలో, మేకులు మార్చుకోగలిగిన కొత్తరకం బూట్లు వారికి ఎంతో ఉపకరించాయి.

ఉత్ప్రేరకాల వివాదం

పోటీలు ముగిసిన కొద్దికాలానికే జర్మన్ ఆటగాళ్ళలో పలువురికి పచ్చకామెర్లు సోకాయి. ఆటగాళ్ళకు ఇంజెక్షన్లు ఇచ్చిన సంగతి వెల్లడైంది. తాను ఇచ్చినది గ్లూకోజు, సి విటమిన్ మాత్రమేనని జట్టు వైద్యుడు ఫ్రాంజ్ లూగెన్ చెప్పాడు. హంగరీ నాయకుడు పుష్కాష్ జర్మన్లపై బహిరంగంగా ఆరోపణ చేశాడు; దానికి జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆగ్రహించగా 1960లో క్షమాపణ చెప్పాడు. జట్టు సభ్యుడు రిచర్డ్ హెర్మన్ 1962లో, 39 ఏళ్ళకే కాలేయ వ్యాధితో మరణించాడు. యుద్ధకాలంలో జర్మన్ సైనికులు వాడిన పెర్విటిన్ అనే మందే ఆ సూదులలో ఉండవచ్చునని 2010 తరువాత కొందరు చరిత్రకారులు అనుమానించారు. నిరూపణ కాలేదు. ఆటగాళ్ళు ఆ ఆరోపణను ఖండిస్తూ వచ్చారు.

నేడు నిషిద్ధ ఔషధం అవసరమైన ఆటగాడు రోగ నిర్ధారణ పత్రాలతో వైద్య మినహాయింపు కోరాలి. 1954లో అటువంటి పద్ధతి లేదు, పరీక్షలూ లేవు. వైద్యుని మాట ఒక్కటే మిగిలింది. అది నిజమే కావచ్చు, కాని సరిచూసే దారి లేదు. ఫిఫా తొలిసారి పరీక్షలు జరిపింది 1966 ప్రపంచ కప్పులో. అప్పుడు ముగ్గురు పశ్చిమ జర్మనీ ఆటగాళ్ళలో జలుబు మందులో వాడే ఎఫిడ్రిన్ జాడలు కనిపించాయని తెలిపే లేఖ దశాబ్దాల తరువాత బయటపడింది.

చివరి దశ

అప్పటికే, అనగా 1964లో, హెర్బెర్గర్ పదవీ విరమణ చేసి, బాధ్యతలను తన సహాయకుడు హెల్ముట్ షోన్‌కు అప్పగించాడు. 1977లో ఇతని 80వ జన్మదిన సందర్భంగా జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఇతని పేర ఒక సేవాసంస్థను నెలకొల్పింది. ఆ మరుసటి నెలలో మాన్‌హైమ్‌లో మరణించాడు.