యూజీన్ స్మిత్

విలియం యూజీన్ స్మిత్ (డిసెంబర్ 30, 1918 - అక్టోబర్ 15, 1978) అమెరికాకు చెందిన ప్రసిద్ధ పత్రికా ఛాయాగ్రాహకుడు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ రంగం నుండి పంపిన చిత్రాలతో పేరు తెచ్చుకున్నా, ఆయన కీర్తికి ప్రధాన ఆధారం యుద్ధానంతరం చేసిన కృషే. వరుసగా పేర్చిన చిత్రాలతో ఒక మనిషి కథనో, ఒక ఊరి కథనో చెప్పే ఛాయాచిత్ర వ్యాసం అనే ప్రక్రియకు ఒక స్థాయిని కల్పించినవారిలో ఈయన ముఖ్యుడు. చిత్రాల ఎంపిక, పరిమాణం, క్రమం తీసినవాని చేతిలోనే ఉండాలని పత్రికాధిపతులతో జీవితాంతం పోరాడాడు. ఈ పట్టు పూర్తిగా నెగ్గినది 1971లో న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనలోనే.

బాల్యం, యుద్ధకాలం

స్మిత్ కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో జన్మించాడు. తల్లికి ఫోటోగ్రఫీలో ప్రవేశం ఉండేది. ధాన్యం వ్యాపారి అయిన తండ్రి ఆర్థికమాంద్యంలో నష్టపోయి 1936లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరణాన్ని స్థానిక పత్రికలు వర్ణించిన తీరుకు, తనకు తెలిసిన నిజానికి పొంతన లేదని స్మిత్ భావించాడు. పత్రికలో అచ్చయ్యే ప్రతిదీ నిజం కాదన్న ఎరుక ఆయనకు అలా చిన్ననాడే కలిగింది. నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో కొద్దికాలమే చదివి న్యూయార్క్ చేరుకున్నాడు. సంస్థ వద్దన్న చిన్న కెమెరాను వాడినందుకు న్యూస్‌వీక్ పత్రికలో ఉద్యోగం పోగొట్టుకొని, 1939లో లైఫ్ పత్రికకు పనిచేయసాగాడు.

యుద్ధంలో సైపాన్, గువామ్, ఇవో జిమా, ఒకినావా దీవులలో సైన్యంతో పాటు తిరిగాడు. సైపాన్ కొండలలో దొరికిన కొనఊపిరితో ఉన్న పసికందును ఒక సైనికుడు చేతులలో పట్టుకున్న చిత్రం వీటిలో ప్రసిద్ధమైనది. 1945 మే నెలలో ఒకినావాలో మోర్టారు గుండు ముక్కలు తగిలి ముఖానికి, చేతికి తీవ్ర గాయాలయ్యాయి. రెండేళ్ళ పాటు శస్త్రచికిత్సలు తప్పలేదు. ఇక కెమెరా పట్టగలనా అన్న సందేహంతోనే 1946లో ఒకనాడు, చెట్లనీడ నుండి వెలుతురులోకి నడిచిపోతున్న తన ఇద్దరు పిల్లలను వెనుకనుండి చిత్రించాడు. గాయపడిన తరువాత ఆయన తీసిన తొలిచిత్రమదే. "ద వాక్ టు పారడైజ్ గార్డెన్" అనే ఆ చిత్రంతోనే ఎడ్వర్డ్ స్టైకెన్ 1955లో కూర్చిన "ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్" ప్రదర్శన ముగుస్తుంది. 68 దేశాలకు చెందిన 503 చిత్రాల ఈ ప్రదర్శన భారతదేశానికి కూడా వచ్చింది.

లైఫ్ పత్రికలో

1948లో కొలరాడో రాష్ట్రంలోని క్రెమ్లింగ్ అనే చిన్న ఊరిలో ఎర్నెస్ట్ సెరియానీ అనే వైద్యుని వెంట మూడు వారాలకు పైగా తిరిగి "కంట్రీ డాక్టర్" వ్యాసం చేశాడు. రాత్రి పగలు తేడా లేని ఆ వైద్యుని అలసటే అందులోని కథ. 1951లో రెండు వ్యాసాలు వెలువడ్డాయి. మొదటిది ఫ్రాంకో పాలనలోని పేద స్పెయిన్ గ్రామం డెలెయిటోసా గురించినది. రెండవది దక్షిణ కరొలైనాలో నల్లజాతి మంత్రసాని, నర్సు మాడ్ కాలెన్ గురించినది. ఇది చదివిన పాఠకులు పంపిన విరాళాలతో ఆమెకు 1953లో ఒక వైద్యశాల ఏర్పడింది. అంతటి ప్రత్యక్ష ఫలితం ఆయన మరే వ్యాసానికీ దక్కలేదు.

సత్యం కోసం ఇంత పట్టుబట్టినవాడు డార్క్‌రూమ్‌లో చిత్రాలను మార్చడానికి వెనుకాడలేదన్నది ఈయన విషయంలో తరచు చర్చకు వచ్చే అంశం. డెలెయిటోసాలో శవం చుట్టూ కూర్చున్న స్త్రీల చిత్రంలో ఇద్దరి చూపుల దిశను ప్రింటు మీద మార్చాడు. ఆఫ్రికాలోని లాంబరేనేలో ఆల్బర్ట్ ష్వైట్జర్‌ను తీసిన ఒక చిత్రంలో వేరే నెగటివ్ నుండి ఒక చేతి నీడను, రంపం పిడిని తెచ్చి కలిపాడు. ఉన్నది ఉన్నట్టు యాంత్రికంగా చూపడం కంటే తాను గ్రహించిన సారాన్ని చూపడమే నిజాయితీ అని స్మిత్ వాదం. నేటి వార్తాచిత్రాల నియమాల ప్రకారం ఇది ఆమోదయోగ్యం కాదు. ష్వైట్జర్ వ్యాసాన్ని కూర్చిన తీరు నచ్చక, అది 1954 నవంబరులో అచ్చయిన దరిమిలా లైఫ్‌కు రాజీనామా చేశాడు.

పిట్స్‌బర్గ్, జాజ్ మేడ

1955లో మాగ్నమ్ సంస్థలో చేరిన స్మిత్‌కు స్టెఫాన్ లోరాంట్ ఒక పుస్తకం కొరకు మూడు వారాలలో పిట్స్‌బర్గ్ నగరం చిత్రాలు సుమారు వంద తీసే పని అప్పగించాడు. స్మిత్ నెలల తరబడి అక్కడే ఉండి వేలాది నెగటివ్‌లు పోగుచేశాడు. రెండు గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్పులు, కుటుంబ జీవితం ఇందులోనే కరిగిపోయాయి. చివరకు 1959 నాటి ఒక వార్షిక సంచికలో 88 చిత్రాలు అచ్చయ్యాయి గానీ, ఆ కూర్పు ఆయనకే వైఫల్యంగా తోచింది. ఈ చిత్రాలకు తగిన ప్రదర్శన ఆయన మరణానంతరం 2001లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ కళా మ్యూజియంలో జరిగింది. 1957 నుండి న్యూయార్క్‌లో జాజ్ సంగీతకారులు గుమిగూడే ఒక పాత మేడలో నివసించి, అక్కడి సంగీతాన్ని, సంభాషణలను సుమారు 4,000 గంటల పాటు టేపులలో భద్రపరిచాడు.

1971 ప్రదర్శన

"లెట్ ట్రూత్ బి ద ప్రెజుడిస్" అనే పేరుతో జ్యూయిష్ మ్యూజియంలో జరిగిన ప్రదర్శనలో ఆరువందలకు పైగా చిత్రాలు ఉన్నాయి. అప్పటికి స్మిత్ అప్పులతో, అనారోగ్యంతో, మద్యపానంతో చితికిపోయి ఉన్నాడు. పత్రికలో ఒక వ్యాసానికి పది, పన్నెండు చిత్రాలే దక్కేవి, మిగిలినవి పెట్టెలలోనే ఉండిపోయేవి. ఇక్కడ ఏ చిత్రం ఎంత ఉండాలో, దేని పక్కన ఏది ఉండాలో ఆయనే నిర్ణయించాడు. 1970లో పరిచయమైన ఐలీన్ ఈ పనిలో తోడ్పడింది. ప్రదర్శన టోక్యోకు వెళ్ళినపుడు ఇద్దరూ 1971 ఆగస్టులో జపాన్ చేరి అక్కడే వివాహం చేసుకున్నారు. చిత్రాల ప్రదర్శనకని సాగిన ఆ ప్రయాణమే ఆయన ఆఖరి పెద్ద పనికి దారితీసింది.

మినమాతా

క్యూషూ దీవిలోని మినమాతా పట్టణంలో చిస్సో రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జనానికి చేరి నాడీమండలాన్ని దెబ్బతీసింది. ఈ వ్యాధిని 1956లో గుర్తించారు. స్మిత్ దంపతులు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకొని మూడేళ్ళు నివసించారు. 1972 జనవరిలో గోయి కర్మాగారం వద్ద బాధితుల బృందంతో ఉండగా సంస్థ మనుషులు స్మిత్‌ను కొట్టారు. ఆయన చూపు దెబ్బతిన్నది. పుట్టుకతోనే వ్యాధికి గురైన కూతురిని తల్లి స్నానం చేయిస్తున్న చిత్రం 1972 జూన్‌లో లైఫ్‌లో వెలువడి ప్రపంచాన్ని కదిలించింది. 1973 మార్చిలో కుమమోతో న్యాయస్థానం చిస్సోను బాధ్యురాలిగా తేల్చింది. దంపతుల "మినమాతా" పుస్తకం 1975లో ప్రచురితమైంది.

ఆ కూతురు 1977లో మరణించింది. ఆమె బొమ్మ ఎడతెగకుండా చేతులు మారడం కుటుంబానికి భారమైంది. 1998లో ఐలీన్ ఆ చిత్రంపై నిర్ణయాధికారాన్ని తల్లిదండ్రులకు అప్పగించి, కొత్త ప్రచురణలకు ఇవ్వడం నిలిపివేసింది.

స్మిత్ 1977లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌కు మారాడు. మరుసటి సంవత్సరం పక్షవాతంతో అక్కడే మరణించాడు. ఆయన నెగటివ్‌లు, ప్రింట్లు, టేపులు అరిజోనా విశ్వవిద్యాలయపు సెంటర్ ఫర్ క్రియేటివ్ ఫోటోగ్రఫీలో ఉన్నాయి.