బోర్డు బడుల నిర్మాత విలియం ఫార్‌స్టర్

ఒక ఊరిలో బడి లేకపోతే ఆ లోటు తీర్చవలసిన బాధ్యత ఎవరిది? తల్లిదండ్రులదా, ధర్మసంస్థలదా, ప్రభుత్వానిదా, లేక ఆ ఊరి ప్రజలందరిదా? పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండును వేధించిన ప్రశ్న ఇది. దానికి చట్టరూపంలో సమాధానం చెప్పినవాడు విలియం ఎడ్వర్డ్ ఫార్‌స్టర్. అందుకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

ఫార్‌స్టర్ 1818 జూలై 11వ తేదీన డార్సెట్ మండలంలోని బ్రాడ్‌పోల్ గ్రామంలో జన్మించినాడు. తల్లిదండ్రులు క్వేకరు శాఖకు చెందినవారు. తండ్రి బానిసత్వ నిర్మూలనకై దేశాలు తిరిగి, 1854లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఆ పనిమీద ఉండగానే కన్నుమూసినాడు. ఐర్లండును మహాక్షామం పీడించిన రోజులలో తండ్రీ కొడుకులు ఇద్దరూ అచ్చటికి వెళ్లి అన్నార్తులకు సహాయం చేసినారు. పరుల బాధ తన బాధగా భావించే గుణం ఫార్‌స్టర్‌కు ఇంటినుండి సంక్రమించిన ఆస్తి.

జీవనోపాధికి ఆయన బ్రాడ్‌ఫర్డ్ నగరం చేరి, భాగస్వామితో కలిసి ఉన్ని వ్యాపారం ఆరంభించినాడు. మిల్లులలో పసివారు ఒకపూట యంత్రాల దగ్గర, ఒకపూట బడిలో గడిపే కాలమది. అలసిన కన్నులతో పలక పట్టిన ఆ పిల్లలను ఆయన గ్రంథాలలో చదివి తెలుసుకోలేదు, నిత్యం కళ్లారా చూచినాడు.

1850లో ఆయన రగ్బీ పాఠశాల ప్రధానోపాధ్యాయుడుగా ప్రసిద్ధికెక్కిన థామస్ ఆర్నాల్డ్ కుమార్తె జేన్‌ను వివాహమాడినాడు. ఆమె క్వేకరు కానందున ఆ సమాజం ఆయనను వెలివేసింది. జేన్ సోదరులలో మాథ్యూ ఆర్నాల్డ్ కవి, పాఠశాలల తనిఖీ అధికారి. మరొక సోదరుడు విలియం పంజాబులో ప్రభుత్వ విద్యాశాఖకు అధిపతి. అతడు 1859లో స్వదేశానికి తిరిగి వస్తూ జిబ్రాల్టర్‌లో మరణించగా, దిక్కులేని అతని నలుగురు బిడ్డలను ఫార్‌స్టర్ దంపతులు తమ బిడ్డలుగా పెంచుకొన్నారు.

1861లో బ్రాడ్‌ఫర్డ్ ప్రజలు ఆయనను పార్లమెంటుకు ఎన్నుకొన్నారు. 1868లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వంలో విద్యావ్యవహారాలు ఆయన చేతికి వచ్చినవి. అప్పటికి పేదపిల్లల బడులు అధికభాగం చర్చీల, ధర్మసంస్థల ఆధీనంలో ఉండేవి. 1833 నుండి ప్రభుత్వం వాటికి గ్రాంటు ఇస్తూ వచ్చింది. కాని దాతలున్న చోట బడి వెలిసేది, లేనిచోట వెలిసేది కాదు. బీదరికం ఎక్కువైన పేటలలోనే బడులు తక్కువ. పారిశ్రామిక నగరాలలో వేలాది బాలురు, బాలికలు అక్షరజ్ఞానం లేకుండా పెరుగుతున్నారు.

దేశం రెండు పక్షాలుగా చీలింది. విద్య ఉచితం, నిర్బంధం కావలెననీ, బోధనలో మతశాఖల ప్రసక్తి ఉండరాదనీ బర్మింగ్‌హాం కేంద్రంగా 1869లో వెలసిన సంఘం ఉద్యమించింది. చర్చి బడులను రక్షించి, వాటినే విస్తరింపవలెనని రెండవ పక్షం పట్టుబట్టింది. ఫార్‌స్టర్ మధ్యేమార్గం పట్టినాడు. ఉన్న బడులను కూలద్రోయడం ఆయనకు ఇష్టం లేదు. వాటినే నమ్ముకొని కూర్చుంటే బడి లేని పిల్లవాని బాల్యం గడిచిపోతుందనీ ఆయనకు తెలుసు.

1870 ఫిబ్రవరి 17న ఆయన ప్రవేశపెట్టిన బిల్లు ఆగస్టు 9న చట్టమయింది. అది ఇంగ్లండు, వేల్సులకు వర్తించింది. ముందు ప్రతి ప్రాంతంలోనూ పిల్లలెందరు, బడులలో చోటెంత అని లెక్క తీయవలెను. లోటు ఉంటే పూరించుకొనడానికి ధర్మసంస్థలకు కొంత గడువు ఇవ్వవలెను. అప్పటికీ లోటు మిగిలితే స్థానికులు ఎన్నుకొన్న స్కూలు బోర్డు ఏర్పడి, స్థానిక పన్నుతో బడి పెట్టవలెను. బోర్డు బడిలో ఏ ఒక్క శాఖ మతసిద్ధాంతాన్నీ బోధింపరాదు. గ్రాంటు పొందే ఏ బడిలోనైనా తల్లిదండ్రులు కోరితే బిడ్డను మతబోధనుండి మినహాయింపవలెను. ఈ బోర్డులకు స్త్రీలు కూడ పోటీచేయవచ్చును. ఆ సంవత్సరమే ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ లండన్ బోర్డుకు ఎన్నికైనారు.

ఈ చట్టం ఇరుపక్షాలనూ పూర్తిగా తృప్తిపరచలేదు. ముఖ్యంగా 25వ సెక్షన్ పెద్ద కలహానికి మూలమయింది. జీతం కట్టలేని పిల్లవాడు ధర్మసంస్థ బడిలో చదివినా, బోర్డు తన నిధినుండి ఆ జీతం చెల్లించవచ్చునని ఆ సెక్షన్ తెలిపింది. తమ పన్ను పరశాఖవారి మతబోధకు పోతున్నదని, చర్చికి వెలుపలి శాఖలవారు మండిపడినారు. వారే ఫార్‌స్టర్‌ను గెలిపించినవారు. 1875లో లిబరల్ పక్షానికి నాయకుని ఎన్నుకొనే సమయం వచ్చినప్పుడు ఆయన పేరు వినిపించినా, ఈ ఆగ్రహం అడ్డునిలిచింది. నాయకత్వం హార్టింగ్టన్‌కు దక్కింది.

ఫార్‌స్టర్ చరిత్రలో మరకలు లేకపోలేదు. రహస్య బ్యాలెట్‌ను 1872లో చట్టం చేయించిన ఆయనే, 1880 నుండి 1882 వరకు ఐర్లండు కార్యదర్శిగా కఠిన నిర్బంధవిధానం అనుసరించి, తాను క్షామకాలంలో సేవించిన ప్రజల ద్వేషానికే గురి అయినాడు. 1886 ఏప్రిల్ 5న ఆయన మరణించినాడు.

ఆయన చట్టం కూడ అసంపూర్ణమే. అది విద్యను దేశమంతటా నిర్బంధం చేయలేదు, ఉచితమూ చేయలేదు. నిర్బంధం 1880లో వచ్చింది. చాలవరకు జీతాలు లేని చదువు 1891లో వచ్చింది. పన్ను నిధి బోర్డు బడులకే గాని, చర్చి బడుల పోషణకు లేనందున రెంటి మధ్య అంతరం పెరిగింది. 1902 చట్టం బోర్డులను రద్దుచేసి, స్థానిక కౌన్సిళ్లకు రెండు రకాల బడుల పోషణనూ అప్పగించింది. మన దేశంలో మద్రాసు రాజధానిలోనూ 1871 చట్టంతో స్థానిక నిధులు ప్రాథమిక విద్యకు అందనారంభించినవి. బోర్డు బడి, ఎయిడెడ్ బడి అన్న మాటలు తెలుగువారికి సుపరిచితమైనవి.

ఈనాడు ఇంగ్లండులో కౌన్సిలు నడిపే బడులతోపాటు, కేంద్రప్రభుత్వ ధనంతో స్వతంత్ర ట్రస్టులు నడిపే అకాడమీలు అనేకం ఉన్నవి. అకాడమీల యాజమాన్యం కౌన్సిలుది కాదు. అయినా తన ప్రాంతంలోని పిల్లలకు చాలినన్ని స్థానాలు ఉండేటట్లు చూచే బాధ్యతను చట్టం కౌన్సిలుమీదనే ఉంచింది. బడి ఎవరిదన్న వివాదం తెగకపోయినా, బడి లేని బిడ్డ ఎవరో ముందు లెక్క తీసి చోటు చూపవలెనన్న నియమం నిలిచింది. ఆ నియమాన్ని చట్టంలో తొలుత పొందుపరచిన కీర్తి ఫార్‌స్టర్‌దే.