కాశీ వీరన్న

క్రీ. శ. 1639వ సంవత్సరమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు దామెర్ల వేంకటాద్రి నాయకుని వలన చెన్నపట్టణపు తీరమున కొంత స్థలమును సంపాదించిరి. అప్పుడది వట్టి ఇసుకనేల. నూలుబట్టలు చవుకగా దొరకునని వారచట దిగిరి. కాని నేతగాండ్ర భాష వారికి రాదు. పల్లెల తీరు తెలియదు. ఆ కొరతను తీర్చినవారిలో తెలుగు వర్తకులు ముఖ్యులు. బేరి తిమ్మన్నతో కలసి వ్యాపారము సాగించి, అనంతరము కంపెనీకి ప్రధాన వర్తకుడైనవాడు కాశీ వీరన్న.

కంపెనీవారు సొమ్మును ముందుగా వీరన్నకిచ్చెడివారు. అది చిన్న వర్తకుల చేతులమీదుగా సాలెవారికి బయానాగా చేరెడిది. దానితో వారు నూలు కొని, తానులు నేసి యిచ్చెడివారు. కోటలో తానులను మచ్చుతో సరిపోల్చి, నాసిరకమైనచో ధర తగ్గించెడివారు. మగ్గములకు పని దొరకుటచే సాలెవారును, అద్దకమువారును, చాకళ్లును వచ్చి కాపురముండిరి. ఇసుకనేల క్రమముగా పట్టణమాయెను.

వీరన్న పలుకుబడి గోల్కొండ రాజ్యమునకును వ్యాపించెను. ముస్లిములాయనను హసన్ ఖాన్ అని పిలిచెడివారు. అయితే వర్తకమంతయు ఒక్కని చేతిలోనుండుట కొందరికి కంటగింపయ్యెను. గవర్నరు లాంఘార్న్ ఆయన వద్ద ధనము గ్రహించెనను అపవాదు వచ్చెను. 1678లో స్ట్రేన్‌షామ్ మాస్టరు గవర్నరయ్యెను.

1680 మార్చిలో వీరన్న మరణించెను. కోటలో ముప్పది ఫిరంగులు మ్రోగించి కంపెనీవారాయనను గౌరవించిరి. ఆయన భార్య సహగమనమునకు సిద్ధపడగా గవర్నరు మాస్టరు దానిని వారించెను. పిదప కంపెనీవారు పలువురు వర్తకులను వాటాదారులుగా చేర్చి వ్యాపారము సాగించిరి.

తరువాతి కాలమున సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల నేతపనివారు బ్రదుకుతెరువుకై షోలాపూరు, భివండి, బొంబాయి నగరములకు వలసపోయిరి. వారిలో కొందరు మరమగ్గముల పని నేర్చి తిరిగివచ్చి, సిరిసిల్లలో ఆ పరిశ్రమ పెరుగుటకు కారకులైరి. కొత్తచోట ధైర్యముగా పని ఆరంభించువాడు పదిమందికి అన్నము పెట్టగలడు. ఆ పని ఫలము నేసినవాని ఇంటికిని న్యాయముగా చేరవలెను. వీరన్న జీవితమున ఈ రెండు విషయములును గ్రహింపదగియున్నవి.