రోగి మంచం పక్కన బాపూజీ

ఇంట్లో ఒకరు మంచాన పడితే ఇల్లంతా మంచాన పడినట్టే. పలాస, టెక్కలి ప్రాంతాలవారికి, ఉద్దాన తీర గ్రామాలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడి తోటల నడుమ కిడ్నీ జబ్బుతో ఏళ్ళ తరబడి నలిగిపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వైద్యులు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న తరువాత ఆ ఇంటివారు చేయవలసినదేమిటి? మహాత్మాగాంధీ జీవితంలో ఈ ప్రశ్న పదేపదే ఎదురయింది. ఆయనను స్వాతంత్ర్య పోరాట నాయకునిగా అందరూ ఎరుగుదురు. రోగులకు సేవ చేసిన గాంధీజీని ఎరిగినవారు తక్కువ.

1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించిన మోహన్‌దాస్‌కు పదహారో ఏడు వచ్చేసరికి తండ్రి కరంచంద్ భగందరం వ్యాధితో మంచం పట్టారు. పుండుకు కట్టు కట్టడం, మందులు కలిపి ఇవ్వడం, రాత్రిపూట కాళ్ళు పిసకడం ఆ కుర్రవాని పనులు. 1885లో ఒక రాత్రి పినతండ్రి వచ్చి తాను కూర్చుంటానని చెప్పి అతన్ని పంపారు. మోహన్‌దాస్ భార్య ఉన్న గదికి వెళ్ళిన కొద్ది నిమిషాలకే నౌకరు తలుపు తట్టాడు. తండ్రి కన్నుమూశారు. ఆఖరి గడియలో పక్కన లేనన్న సిగ్గు గాంధీజీని జీవితాంతం వదలలేదు. ఆ సంగతి ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు. నెలల తరబడి సేవ చేసి, ఆ ఒక్క గడియ దగ్గర లేనందుకు కుమిలిపోయేవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అది నేరం కాదు. సేవ చేసే మనిషికీ విశ్రాంతి కావాలి.

1896లో దక్షిణాఫ్రికా నుంచి స్వదేశం వచ్చినప్పుడు ఆయన బావగారు బొంబాయిలో జబ్బుపడి ఉన్నారు. గాంధీజీ ఆయనను రాజకోటకు తీసుకువెళ్ళి, తన గదిలోనే ఉంచుకొని, రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉన్నారు. బావగారు బతకలేదు. అయినా చివరి రోజులలో దగ్గరుండి చేయగలిగానన్న తృప్తి గాంధీజీకి మిగిలింది.

తిరిగి దక్షిణాఫ్రికాలోని దర్బాను వెళ్ళిన తరువాత ఒక కుష్ఠు రోగి ఆయన గుమ్మంలోకి వచ్చాడు. అన్నం పెట్టి పంపివేయడానికి మనసొప్పక, ఇంట్లో ఉంచుకొని పుండ్లు కడిగి, ఆ తరువాత ఆసుపత్రికి పంపారు. అంతటితో ఆగక డాక్టర్ బూత్ నడిపే ధర్మాసుపత్రిలో రోజూ ఉదయం కొంతసేపు పనిచేశారు. రోగుల బాధలు విని డాక్టరుకు చెప్పడం, మందులు ఇవ్వడం ఆ పని. అక్కడికి వచ్చేవారిలో తమిళులతోపాటు తెలుగు కూలీలు కూడా ఉండేవారు. ఆనాటి విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్ళినవారు ఎందరో. మన తాతల కాలంనాటి ఆ కూలీల గోడు ఆయన విన్నారు. 1904లో జోహాన్నెస్‌బర్గులో ప్లేగు వచ్చినప్పుడు ఒక ఖాళీ గిడ్డంగిలో రోగులను చేర్చి, ప్రాణభయం లేక సేవ చేశారు.

1939లో సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రి కుష్ఠు వ్యాధితో సేవాగ్రాం వచ్చారు. ఆశ్రమంలో ఇతరులు ఉన్నారని గాంధీజీ మొదట తటపటాయించారు. తరువాత దగ్గరలోనే ఒక గుడిసె వేయించి, తన చేతులతో ఆయన ఒళ్ళు మర్దన చేసేవారు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు నమ్మకమైన మందు లేదు. అయినా రోగికి మనిషి స్పర్శ, మాట అందాయి.

అన్నిటికన్నా కఠిన పరీక్ష 1944లో వచ్చింది. పూనాలోని ఆగాఖాన్ భవనంలో ఇద్దరూ బందీలుగా ఉండగా కస్తూరిబా గుండెజబ్బుతోను, న్యుమోనియాతోను క్షీణించారు. కుమారుడు దేవదాసు పెన్సిలిన్ అనే కొత్త మందును కలకత్తా నుంచి విమానంలో తెప్పించారు. కొన్ని గంటలకొకసారి సూది పొడవాలని తెలిసి, ఈ దశలో ఆమెను ఇంకా బాధపెట్టవద్దని గాంధీజీ అన్నారు. కొడుకు బాధపడి చివరకు ఊరుకున్నారు. ఫిబ్రవరి 22న, శివరాత్రి సాయంత్రం, కస్తూరిబా భర్త ఒడిలో ప్రాణం విడిచారు. అరవై ఏళ్ళకు పైబడిన కాపురం ముగిసింది. నాలుగేళ్ళకు, 1948 జనవరి 30న, గాంధీజీ హంతకుని గుళ్ళకు నేలకొరిగారు.

ఆనాటి ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న వాదన నేటికీ ఉంది. దాన్ని చూసి సూదిమందు మానడం గాని, డయాలసిస్ ఆపడం గాని ఎవరికీ తగదు. ఇటువంటి ఘట్టంలో మొదట రోగి కోరిక ఏమిటో అడగాలని, ఇంటివారందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలని నేటి వైద్యులు చెబుతారు. దీనినే ఉపశమన సేవ, ఇంగ్లీషులో పాలియేటివ్ కేర్ అంటారు. నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించడం, పడకపుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, నోరు తడపడం, దిగులు పంచుకోవడం ఇందులో భాగాలు. చికిత్స సాగుతుండగానే ఇదీ సాగాలి. క్యాన్సర్ వంటి జబ్బులలో భరించలేని నొప్పికి మార్ఫిన్ అనే మందు ఉంది. డాక్టరు సలహాతోనే వాడాలి. అది రోగులకు సులువుగా అందేందుకు 2014లో పార్లమెంటు మత్తుమందుల చట్టాన్ని సవరించింది. నొప్పికి ఏం మందు ఉందని డాక్టరును అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

ఇరుగుపొరుగు చేయగలిగినదీ ఉంది. ఒక పూట రోగి దగ్గర కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు ఆ పూటైనా కంటినిండా నిద్రపోతుంది.