బుర్రకథ పితామహుడు షేక్ నాజర్

హాస్టల్ వార్షికోత్సవం రాగానే మనలో ముగ్గురు నడుముకి తువ్వాలు బిగించి బుర్రకథకు సిద్ధమవుతారు. ఆ కథకు అంత పేరు తెచ్చిన మనిషిని మాత్రం చాలామందిమి ఎరగం.

షేక్ నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. ఇంట్లో డబ్బు లేదు, గొంతు ఉంది. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు కట్టి, శాస్త్రీయ సంగీతం నేర్చారు. ప్రజానాట్యమండలిలో చేరి బెంగాల్ కరువు మీద కథ చెప్పారు.

మధ్యలో తంబురాతో కథకుడు, చెరో పక్క డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. పల్నాటి యుద్ధం చెబుతూ నాజర్ గారు ఒక క్షణం బాలచంద్రుడు, మరుక్షణం అతని తల్లి! అమెరికాలో జాజ్ వాయించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా మనలాంటి పిల్లల హోమ్‌లోనే బాకా నేర్చాడట. ఈయన్ని తలచుకుంటే ఆయన గుర్తొస్తాడు నాకు.

1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన జీవితకథ పుస్తకం పేరు ‘పింజారి’. నలుగురూ చులకనగా అనే మాట అట్టమీద అంత పెద్దగా! పద్మశ్రీ కంటే నాకదే గొప్పగా తోస్తుంది. కాలేజీలో ఎక్కడుంటున్నావని అడిగితే హాస్టలని చెప్పడానికి తటపటాయించినవాణ్ణి నేను.

ఈసారి తమ్ముళ్లు అల్లూరి కథ వేస్తున్నారట. డక్కీలు దొరక్కపోతే నూనె డబ్బాలు చాలు, మేమూ వాటితోనే కానిచ్చాం.